డెంటల్ సీటు, అమెరికా రూటు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఎవరో అడిగితే ఇండియాలో బీడీఎస్ చేసినవాళ్ళు అమెరికాలో డెంటిస్ట్ అవ్వాలంటే ఏం చేయాలో నాలుగు ముక్కలు రాశాను, అంతే, మెయిల్ బాక్స్ నిండిపోయింది. సగం ఉత్తరాలు ఒకటే అడుగుతున్నాయి కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట: మన బీడీఎస్ డిగ్రీతో అక్కడ నేరుగా బోర్డు పెట్టుకుని పళ్ళు పీకడం దాదాపు కుదరదు, మళ్ళీ డెంటల్ స్కూల్లో చేరి రెండేళ్ళో మూడేళ్ళో చదివి అక్కడి డిగ్రీ తెచ్చుకోవాలి, దాన్నే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అంటారు. చాలా స్కూళ్ళకి క్యాపిడ్ అనే ఒకే పోర్టల్ నుంచి అప్లై చేస్తాం. నేను రెండుసార్లు పెట్టి పోగొట్టుకుని మూడోసారి లోపల పడ్డదాన్ని, కాబట్టి కింద చెప్పే తప్పుల్లో చాలా వరకు నావే.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను గుంటూరు దగ్గర ప్రైవేట్ కాలేజీలో హౌస్ సర్జన్‌ని. ఫార్మకాలజీలో ఒకసారి, ఓరల్ పెథాలజీలో ఒకసారి సప్లీ రాశాను. మొత్తం 59 శాతం. నాకు అసలు ఛాన్స్ ఉందా, ఎండీఎస్ చూసుకోమంటారా?
– ఒక హౌస్ సర్జన్, గుంటూరు జిల్లా

ఉంది నాన్నా. 59 శాతం అంటే మన దగ్గర ఇంట్లోవాళ్ళు మొహం మాడ్చుకుంటారు గానీ అక్కడ స్కూళ్ళు మన మార్కుల్ని మన లెక్కలో చూడవు. ఈసీఈ లాంటి సంస్థ నీ మార్కుల లిస్టులన్నీ తీసుకుని సబ్జెక్టు సబ్జెక్టుకీ అమెరికా గ్రేడు వేసి జీపీఏ ఇస్తుంది, బీడీఎస్‌లో పాసే 50 అని వాళ్ళకి తెలుసు, మన 60లు వాళ్ళ 60ల్లాంటివి కావని కూడా తెలుసు. సప్లీలు మాత్రం దాగవు, దాచాలని చూడకు. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాల్లో చెప్పు, ఆ సంవత్సరం ఏమైంది, తర్వాత ఏం మార్చుకున్నావు, అంతే, అమ్మమ్మకి బాలేదు నాన్నకి బాలేదు అని పెద్ద కథ ఎత్తుకోవద్దు.

నువ్వు ఇంకా కాలేజీలోనే ఉన్నావు, అది ఎంత అదృష్టమో నీకిప్పుడు తెలీదు. ట్రాన్‌స్క్రిప్ట్స్ ఇప్పుడే తీయించుకో, ఒక సెట్టు కాదు, నాలుగైదు సీల్డ్ కవర్లు. మన విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి మారి 2024లో మళ్ళీ ఎన్టీఆర్‌కి వచ్చింది కదా, నీ మార్కుల లిస్టుల మీద ఒక పేరు డిగ్రీ మీద ఒక పేరు ఉండే అవకాశం ఉంది, అలా ఉంటే కంగారు పడకు, రెండూ ఒకటేనని యూనివర్సిటీ నుంచి లెటర్ తీసుకుని పెట్టుకో. తెలంగాణ వాళ్ళకీ ఇదే చెబుతున్నా, ఇప్పుడు అక్కడి కాలేజీలు వరంగల్ కాళోజీ యూనివర్సిటీ కింద ఉన్నా పాత బ్యాచ్‌లకి డిగ్రీ విజయవాడదే, డిగ్రీ మీద ఎవరి పేరుంటే ట్రాన్‌స్క్రిప్ట్‌కి వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందా వెనకా, మార్కుల లిస్టులో ఒక్క అక్షరమేనా, ఇవన్నీ కూడా ఇప్పుడే సరిచూసుకో.

తర్వాత ఐఎన్‌బీడీఈ. అంటే అక్కడ డెంటల్ లైసెన్స్ కోసం రాసే బోర్డు పరీక్ష. ఇదివరకు పార్ట్ వన్, పార్ట్ టూ అని రెండు పరీక్షలుండేవి, 2020 ఆగస్టులో రెండూ కలిపి దీన్ని తెచ్చారు. రెండు రోజులు, మొత్తం 500 ప్రశ్నలు, మొదటి రోజు 360, రెండో రోజు 140. బట్టీకి లొంగదు, ఒక పేషంటు వయసు, వాడే మందులు, కంప్లైంటు అన్నీ ఒక డబ్బాలో ఇచ్చి ఇప్పుడు ఏం చేస్తావు అని అడుగుతారు. రిజల్టు పాస్ లేదా ఫెయిల్, పాసైతే మార్కు చెప్పరు. అంటే నువ్వూ, రోజుకి పద్నాలుగు గంటలు చదివినవాడూ ఒకే గీత మీద నిలబడతారు, ఇక జీపీఏతో పాటు మిగతా ఫైల్లో ఏముందో చూస్తారు. ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ కూడా రాయాలి, చాలా స్కూళ్ళు 120కి 100 దగ్గర్లో అడుగుతూ వచ్చాయి, స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది కాబట్టి తొందరపడి ఇప్పుడే రాసేయకు. అందరూ తలకిందులుగా చేసేది ఇక్కడే, టోఫెల్ ముందు రాసేసి ట్రాన్‌స్క్రిప్ట్స్ ఆఖర్న తెచ్చుకుంటారు. క్యాపిడ్ ఫిబ్రవరి ఆఖరు, మార్చి ప్రాంతాల్లో తెరుస్తారు, ఆ రోజుకి ఈసీఈ రిపోర్టు చేతిలో ఉండాలి.

ప్రశ్న: అక్కా, మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్4, అంటే మా ఆయన హెచ్1బీ మీద వచ్చిన డిపెండెంట్ వీసా. బీడీఎస్ అయ్యి ఎనిమిదేళ్ళు, ప్రాక్టీస్ చేసింది ఏడాదిన్నరే, తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు. మా ఆయన పెట్టమంటున్నారు. ఇంత గ్యాప్ చూసి నవ్వుతారేమోనని భయంగా ఉంది.
– పేరు వద్దు అక్కా

తల్లీ, నవ్వరు. నాకు ఆరేళ్ళ గ్యాప్. నా మొదటి అప్లికేషన్‌లో ఆ ఆరేళ్ళ గురించి ఒక్క ముక్క లేదు, హౌస్ సర్జన్సీ దగ్గర ఆపేసి నేరుగా 'నాకు డెంటిస్ట్రీ అంటే ప్రాణం' దగ్గరికి దూకేశాను. ఒక్క ఇంటర్వ్యూ కాల్ రాలేదు. రెండోసారి ఒక స్కూల్ పిలిచింది, అక్కడ ఒక పెద్దావిడ ఫైల్ తిరగేస్తూ మెల్లగా, చివరిసారి హ్యాండ్‌పీస్ (పన్ను చెక్కే డ్రిల్లు) ఎప్పుడు పట్టుకున్నావమ్మా అన్నట్టు అడిగింది, అంతే, నా దగ్గర జవాబు లేదు. గ్యాప్ ఎందుకొచ్చిందని ఆవిడ అడగలేదు చూడు. పిల్లలు పుట్టడం వాళ్ళకీ తెలిసిన విషయమే. వాళ్ళకి కావాల్సింది ఈ మనిషి పంటి దగ్గరికి మళ్ళీ ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అన్నది.

కాబట్టి ఇప్పట్నుంచి వచ్చే మార్చి దాకా నీ దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. మీ ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయ్యుంటే నీకు హెచ్4 ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్ వస్తుంది, 2015 నుంచి ఉన్న రూలే, అది ఉంటే డెంటల్ అసిస్టెంట్‌గా చేరు. నేను డాక్టర్ని, సక్షన్ పట్టుకోవడమేంటి అనుకోకు, నేను పద్నాలుగు నెలలు పట్టుకున్నా. నోట్స్ ఎలా రాస్తారు, ఇన్సూరెన్స్ ఏం కడుతుంది ఏం కట్టదు, పేషంటుకి ట్రీట్‌మెంట్ ప్లాన్ కూర్చోబెట్టి ఎలా చెబుతారు, ఇవి పుస్తకంలో లేవు, ఐఎన్‌బీడీఈకి కూడా పనికొచ్చాయి. ఎక్స్‌రే తీయాలంటే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు, ముందు అది కనుక్కో. ఈఏడీ లేకపోతే షాడోయింగ్ చెయ్యి, అంటే పక్కన నిలబడి చూడటమే, చెయ్యి పెట్టకూడదు. కొంతమంది తెలిసిన క్లినిక్‌లో 'ఊరికే వాలంటీర్' అని చెప్పి జీతం తీసుకునేవాళ్ళు చేసే పనంతా చేస్తున్నారు, అది వీసాకి చిక్కు తెస్తుంది, లాయర్ని అడక్కుండా అలాంటి వాటిల్లోకి దిగొద్దు. ఉచిత దంత శిబిరాలు, మిషన్ ఆఫ్ మెర్సీ లాంటివి, చాలా రాష్ట్రాల్లో పెడతారు, అక్కడ రిజిస్ట్రేషన్‌కో, పరికరాలు కడగడానికో, తెలుగూ హిందీ మాట్లాడే పెద్దవాళ్ళకి మాట సాయానికో మనుషులు కావాలి, అలాంటి చోటికి వెళ్ళు.

ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేస్తే సీటు గ్యారంటీ అంటగా అని ఇంకో నలుగురు రాశారు, వాళ్ళకీ ఇక్కడే చెబుతున్నా. గ్యారంటీ ఏం లేదు. పబ్లిక్ హెల్త్ మీద ఇష్టముంటే చెయ్యండి, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద రావడానికి అదొక దారి, ఒక రిసెర్చ్ ప్రొఫెసర్ లెటర్ కూడా వస్తుంది. సీటు కోసమే అయితే ఆ డబ్బుతో చాలా స్కూళ్ళకి అప్లికేషన్ ఫీజులు కట్టొచ్చు.

ఇంకోటి, పిల్లల్ని ఎవరు చూస్తారన్నది స్కూల్ వాళ్ళు అడగకపోవచ్చు గానీ నువ్వూ మీ ఆయనా అప్లై చేయక ముందే కూర్చుని మాట్లాడుకోండి. సీటు వేరే రాష్ట్రంలో వస్తే? అత్తగారు ఆరునెలలు వస్తారు, తర్వాత? నాకు సీటు వచ్చిన రోజు రాత్రి మా ఇంట్లో జరిగింది సంబరం కాదు, గొడవ.

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లా. ఎస్ఓపీ (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం) రాసి పంపిస్తున్నాను, దయచేసి చూసి దిద్దగలరు.
– ఒక బీడీఎస్ డాక్టర్, టెక్కలి దగ్గర

చూశానమ్మా, రెండుసార్లు చదివాను. నువ్వు మొదలుపెట్టింది ఇలా: చిన్నప్పుడు తాతయ్యకి పన్ను నొప్పి వచ్చింది, డాక్టరు దేవుడిలా తగ్గించాడు, ఆ రోజే డెంటిస్ట్ అవ్వాలని నిర్ణయించుకున్నాను. తల్లీ, నిజం చెప్పు, ఆ రోజే నిర్ణయించుకున్నావా? మనలో నూటికి తొంభైమంది ఎంబీబీఎస్ సీటు రాక బీడీఎస్‌లో చేరినవాళ్ళం, తర్వాతే ఇష్టపడ్డాం. ఆ తాతయ్య పన్ను నాకు వచ్చిన ప్రతి ఎస్ఓపీలో ఉంది, పాపం ఎన్ని పళ్ళుండేవో ఆయనకి.

కానీ మూడో పేజీలో, అసలు లెక్కలోకి రానట్టు, ఒక్క వాక్యం రాశావు, 'ఇంటర్న్‌షిప్ క్యాంపుల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ళని చూశాను' అని. అక్కడ ఆగిపోయాను. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు అమెరికాలో కూర్చున్న కమిటీవాళ్ళలో ఎంతమంది కళ్ళారా చూసుంటారు? నువ్వు చూశావు. నీకు ఫోన్ చేస్తే ఇంకా చెప్పావు: అరవై ఏళ్ళు దాటిన ఒకావిడ నోరు తెరిస్తే అంగిలి అంతా తెల్లగా మందంగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, నీ చేతిలో అద్దం, 'బయాప్సీ చేయించుకోవాలమ్మా' అంటే ఆవిడ 'మా అమ్మ కూడా ఇదే తాగింది, ఎనభై ఏళ్ళు బతికింది' అని నవ్వి లేచిపోయింది, నువ్వు తర్వాతి వారం మీ నాన్న బండి మీద వాళ్ళ ఊరు వెళ్ళి కోడలితో మాట్లాడి తీసుకొచ్చావు. ఇదంతా నాకు ఫోన్లో చెప్పావు, పేపర్ మీద పెట్టలేదు! పెట్టింది తాతయ్యని!

మొదటి పేరా ఆవిడే కావాలి. నువ్వేం చూశావు, ఏం చెప్పావు, ఆవిడ ఎందుకు వినలేదు, కోడలితో మాట్లాడాలని నీకెందుకు తట్టింది. ఆవిడ పేరూ ఊరూ మాత్రం రాయకు. అక్కణ్ణుంచి, నీకు ఏం రాదు, అక్కడ ఏం నేర్చుకోవాలి అన్నది రాయి. 'కంపాషనేట్', 'ప్యాషనేట్', 'డైనమిక్' అని నీ గురించి నువ్వే రాసుకున్న పదాలన్నీ కొట్టేశాను, ఆ బండి ప్రయాణం ఉంటే అవక్కర్లేదు. నల్గొండ వైపు చదివినవాళ్ళూ ఇది చదువుతుంటే, మీరు చూసిన ఫ్లోరోసిస్ పళ్ళు, నవ్వొచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు, అదే మీ మొదటి పేరా.

ఎస్ఓపీలు రాసిపెట్టే కన్సల్టెన్సీల జోలికి పోకండి, కంప్యూటర్‌తో రాయించకండి. పట్టుబడతారా లేదా అన్నది పక్కన పెట్టు, ఇంటర్వ్యూలో ఆ పేపర్ మీద నుంచే అడుగుతారు, నీది కానిదాని గురించి రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

ప్రశ్న: రికమెండేషన్ లెటర్ అడిగితే మా హెచ్ఓడీ సార్ 'నువ్వే రాసుకొచ్చెయ్యి, సంతకం పెడతా' అంటున్నారు. రాసుకోవచ్చా?
– ఖమ్మం నుంచి

అందరు సార్లూ అదే అంటారు. రాసుకోకు. ఒకే చెయ్యి రాసిన మూడు లెటర్లూ ఎస్ఓపీ పక్కపక్కన పెడితే చదివేవాళ్ళకి పది నిమిషాల్లో తెలుస్తుంది. దానికి బదులు ఒక పేజీ తెలుగులోనో ఇంగ్లీషులోనో సార్‌కి గుర్తు చేస్తూ ఇవ్వు: ఏ సంవత్సరం పోస్టింగ్, ఏ కేసు చేశాను, మీరేం తిట్టారు, తర్వాత ఎలా సరిచేశాను. అది చూస్తూ ఆయన ఫోన్లో పది వాక్యాలు మాట్లాడినా టైప్ చేసిపెట్టొచ్చు, మాటలు ఆయనవవుతాయి. పోర్టల్ నుంచి ఆయనకి మెయిల్ లింక్ వెళ్తుంది, కాలేజీ మెయిల్ ఐడీ ఉంటే అదే ఇవ్వు, ఆ లింక్ స్పామ్‌లో పడుతుంది, ఫోన్ చేసి వెతికించే బాధ్యత నీదే.

ప్రశ్న: బెంచ్ టెస్ట్ అంటే చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?
– ఇద్దరు ముగ్గురు అడిగారు

అన్ని స్కూళ్ళూ పెట్టవు, పెట్టేవాళ్ళకి మాత్రం అదే అసలు పరీక్ష. ప్లాస్టిక్ పళ్ళున్న టైపోడాంట్ ఇచ్చి క్లాస్ టూ కుహరం (పక్క పన్ను ఆనుకునే వైపు చెక్కే గుంట), క్రౌన్ ప్రిపరేషన్ (తొడుగు కోసం పన్ను చెక్కడం), ఒక్కోసారి మైనంతో పన్ను చెక్కడం, గడియారం పెట్టి చేయిస్తారు. మనం ఇండియాలో గాలితో తిరిగే డ్రిల్లు, ఎయిర్ రోటర్ అలవాటైనవాళ్ళం, గట్టిగా నొక్కితే అది నీరసపడి ఆగిపోతుంది, మన చెయ్యి ఆ నొక్కుడుకి అలవాటు పడిపోయుంటుంది. అక్కడ చాలాచోట్ల ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్, బరువెక్కువ, నొక్కినా ఆగదు. నా మొదటి బెంచ్ టెస్ట్‌లో నలభై సెకన్లలో పక్క పన్నుకి గీత పడింది, చూపుడు వేలి గోరంత కూడా లేదు ఆ గీత. క్రౌన్ చక్కగానే వచ్చింది, అయినా ఆ గీతే వాళ్ళకి కనపడింది. తప్పు కూడా కాదు, నిజం మనిషి నోట్లో అయితే అది బాగున్న పన్ను కదా.

నేను చేసింది చెప్తా. సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ మోటారు కొన్నాం, టైపోడాంట్‌ని గ్యారేజీలో పాత ఇస్త్రీ బల్లకి క్లాంప్‌తో బిగించాను, పిల్లలు పడుకున్నాక తొమ్మిది నుంచి పదకొండు దాకా. మొదటి నెల ఒక్క పన్నే, కింది దవడ మొదటి మోలార్, మెసియల్ వైపు, అంటే ముందు పళ్ళ వైపు. గుంట అడుగు (పల్పల్) లోతు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, పక్క పన్నుతో ఎడం అర మిల్లీమీటరు, అంటే ఎక్స్‌ప్లోరర్ అనే సన్నటి కొక్కెం మొన అలా దూరి రావాలి. బరు (డ్రిల్లు ముల్లు) మందం నీకు తెలుసు, చిగురు లోతు కొలిచే పీరియాడాంటల్ ప్రోబ్ మీద గీతలుంటాయి, కంటిని నమ్మకు, ప్రతిసారీ కొలువు. పాడైన పళ్ళు పారెయ్యకుండా తేదీ రాసి ఇడ్లీ పిండి డబ్బాలో వేశాను, నాలుగు నెలలకి డబ్బా నిండింది, మొదటి వారం పన్నూ చివరి వారం పన్నూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకున్నా. కూర్చునే పద్ధతి, గ్లోవ్స్, కళ్ళద్దాలు కూడా చూస్తారు, కుర్చీలోంచి వంగిపోయి మెడ టైపోడాంట్‌లో దూర్చేస్తే చేతికన్నా ముందు అదే కనిపిస్తుంది.

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయి ఇక్కడ న్యూజెర్సీలోనే పుట్టింది, కాలేజీ మూడో సంవత్సరం, డెంటల్ అంటోంది. దానికీ ఇదేనా పద్ధతి?
– ఒక తండ్రి, ఎడిసన్

కాదండీ, పాపది వేరే దారి. డిగ్రీలో సైన్స్ కోర్సులు, డ్యాట్ పరీక్ష, తర్వాత యాడ్సాస్ అనే పోర్టల్, నాలుగేళ్ళ కోర్సు. పోర్టల్ మే మధ్యలో తెరుస్తారు, జూన్ మొదట్లో సబ్మిట్ చేయొచ్చు, చాలా స్కూళ్ళు వచ్చినవి వచ్చినట్టు చూస్తాయి కాబట్టి ఆఖరి తేదీ దాకా ఆగొద్దు. డ్యాట్ మార్కులు 2025 మార్చి నుంచి 200-600 స్కేలుకి మారాయి, బంధువుల పిల్లలకి పాత స్కేలులో వచ్చిన 22లూ 23లతో పోల్చి పాపని తిట్టకండి. బొమ్మలు తిప్పి చూసే సెక్షన్ ఒకటుంటుంది, గంటలో 90 ప్రశ్నలు, దానికి రోజూ సాధన కావాలి. షాడోయింగ్ వంద గంటల దాకా ఉంటే మంచిది, అదీ ఒక్క మన తెలుగు డాక్టర్ దగ్గరే కాకుండా రెండు మూడు రకాల క్లినిక్‌లలో. వ్యాసం 4,500 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఒక్క విన్నపం, అది మీరు రాయకండి.

డబ్బు సంగతి మీకూ, పైన ఫ్రిస్కో అమ్మాయికీ కలిపే చెబుతా. ఖరీదైన స్కూళ్ళలో ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ లోన్ లేదు, ఇలాంటి ప్రొఫెషనల్ కోర్సులకి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్లకే పరిమితి, మిగతాది ప్రైవేట్ లోనే. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ ఫెడరల్ లోనూ రాదు, ప్రైవేట్ బ్యాంకులు ఎక్కువగా గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉన్న కోసైనర్ని అడుగుతాయి, ఎవరు సంతకం పెడతారో అప్లై చేసేముందే అడిగి పెట్టుకోండి, సీటొచ్చాక అడిగితే చుట్టాలు ఫోన్లెత్తరు. కొన్ని స్కూళ్ళు గ్రీన్‌కార్డ్, సిటిజన్స్‌నే తీసుకుంటాయి, ఫీజు కట్టేముందు ఆ లైను చదవండి.

ప్రశ్న: ఇంటర్వ్యూకి చీర కట్టుకోవచ్చా అక్కా?
– నెల్లూరు అమ్మాయి, ప్రస్తుతం చికాగో

నిక్షేపంగా కట్టుకోవచ్చు. బెంచ్ టెస్ట్ అదే రోజు పెడితే మాత్రం స్క్రబ్స్ బ్యాగులో ఉండాలి. గాజులు ఇంట్లోనే తీసెయ్యి, గోళ్ళు ముందురోజు కత్తిరించుకో, గోరింటాకు ఉన్నా ఫరవాలేదు గ్లోవ్స్‌లోకి వెళ్ళిపోతుంది. చికాగోలో జనవరి అయితే చీర కింద థర్మల్స్ వేసుకో, నేను వేసుకోలేదు, ఇంటర్వ్యూ అంతా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి.